వేరుపడినవారు వ్రాసికొన్న హక్కులు

బంగ్లాదేశమున 2024 ఆగస్టు 5వ తేదీని ప్రభుత్వము కూలినది మొదలు ఆ దేశపు విద్యావంతులలో నొక తగవు లేచినది. 1972లో వ్రాసికొనిన రాజ్యాంగమును దిద్దుకొని నిలుపుకొనవలెనా, లేక దానిని కట్టకట్టి అటకమీద వైచి క్రొత్తది వ్రాసికొనవలెనా యనునది ఆ తగవు. రాజ్యాంగ సంస్కరణకై నియమింపబడిన సంఘము 2025 జనవరిలో తన నివేదికను సమర్పించి, నాలుగు మూలసూత్రములలో ప్రజాస్వామ్య మొక్కటి తప్ప తక్కిన మూడింటిని మార్చవలసినదని సిఫారసు చేసినది. ఈ వార్త మన పత్రికలలో నొక మూలకు వచ్చి పోయినది. పొరుగింటి గొడవ మనకెందుకని చదువరులు పుట త్రిప్పియుందురు. మాకు మాత్ర మది పుట త్రిప్పదగిన సంగతిగా తోచలేదు.

ఒక జనము ఒక రాజ్యమునుండి విడివడి తన రాజ్యాంగమును తాను వ్రాసికొనుట చరిత్రలో తరుచుగా జరుగునది కాదు. జరిగినప్పుడు దానిని శ్రద్ధతో చదువవలెను. ఏలయన, పాతరాజ్యమును కాదనుటకు వారు చూపిన కారణమే క్రొత్తరాజ్యమును తూచు రాయి యగును. మా వృత్తిలో నిత్యము చూచు సంగతి యొకటి కలదు. అన్నదమ్ములు వేరుపడునప్పుడు, వేరుపోవువాడు అన్నగారు తనకు చేసిన అన్యాయముల నన్నిటిని గుర్తుంచుకొని, ఒక్కొక్కదానికి నొక్కొక్క షరతు పంపకపు దస్తావేజులో వ్రాయించును. దారికొక షరతు, నూతికొక షరతు, గట్టుమీది తాడిచెట్లకొక షరతు. అంతయు అన్నగారివైపు చూచుచు వ్రాయించినదే. రేపు తన కొడుకులలో చిన్నవాడు తనతోనే తగవుపడు దినమునకు వలసిన షరతు మాత్రము వానికి తోచదు. వంగదేశీయుల గ్రంథమును చదివినప్పుడెల్ల మాకీ దస్తావేజులే జ్ఞప్తికి వచ్చుచుండును.

అన్నగారి యన్యాయములు కల్పితములు కావు. 1948 మార్చిలో ఢాకాకు వచ్చి, పాకిస్తానునకు రాజభాష ఉర్దూ యొక్కటే యని జిన్నాగారు నిష్కర్షగా చెప్పిరి. అప్పటి పాకిస్తాను జనులలో అధికసంఖ్యాకుల భాష వంగభాష. 1952 ఫిబ్రవరి 21న ఆ భాషకై ఢాకా వీథులలో విద్యార్థులు తుపాకిగుండ్లకు బలియైరి. ఆ సంవత్సరముననే డిసెంబరు 15న మన పొట్టి శ్రీరాములుగారు మదరాసులో ప్రాణములు విడిచిరి. భాషకై ప్రాణములిచ్చుట యెట్టిదో తెలుగువానికి వేరుగ చెప్పనక్కరలేదు. మన రాష్ట్రము మరుసటి సంవత్సరము అక్టోబరు 1న నేర్పడినది. వారికి దేశమే వేరుపడవలసి వచ్చినది. ఈ భేదము యాదృచ్ఛికము కాదు. మనకు తగవు తీర్చుకొనుట కొక రాజ్యాంగముండెను, వారికి లేకుండెను.

పాకిస్తాను పుట్టుకయే రాజ్యాంగము లేని పుట్టుక. 1947లో కూడిన దాని పరిషత్తు తగవులాడి, రద్దుపడి, మరల కూడి, తుదకు 1956 మార్చి 23న నొక రాజ్యాంగమును వెలువరించెను. అది రెండున్నరయేండ్లు జీవించెను. 1958 అక్టోబరు 7న అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా దానిని రద్దుచేసి సైనికశాసనమును విధించెను. ఇరువది దినములు గడచులోపల సైన్యాధిపతి అయూబుఖాను ఆయననే సాగనంపెను. 1962లో అయూబుఖాను తన రాజ్యాంగమును తానే ప్రసాదించెను. 1969లో అదియు పోయెను. 1970 డిసెంబరులో వయోజనుల వోటుపై మొట్టమొదటిసారిగా దేశమంతట ఎన్నిక జరుగగా, తూర్పువంగమునకు కేటాయింపబడిన 162 సాధారణ స్థానములలో 160 అవామీలీగునకు దక్కెను. దేశపు సభలో దానిదే అధికసంఖ్య. అయినను 1971 మార్చి 1న యాహ్యాఖాను ఆ సభను కూడనీయక వాయిదా వేసెను. ఆ నెల 25వ తేదీ రాత్రి ఢాకాపై సైన్యమును వదలెను. వోటుతో గెలిచినవానికి సభాద్వారము మూసి తుపాకి చూపిన పిమ్మట ఇక కలిసియుండుమని చెప్పుటకు ఏ న్యాయశాస్త్రములోను ఆధారము లేదు.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి. వారు మొదట తుపాకి పేరు చెప్పి స్వతంత్రులమని ప్రకటింపలేదు. వోటు పేరు చెప్పి ప్రకటించిరి. 1971 ఏప్రిల్ 10వ తేదీ గల స్వాతంత్ర్యప్రకటనలో, ఎన్నికలలో గెలిచిన ప్రతినిధులము కావున మేమే రాజ్యాంగ పరిషత్తుగ నేర్పడితిమని వ్రాసికొనిరి. రాజ్యముయొక్క గమ్యము మూడు మాటలలో చెప్పిరి: సమానత్వము, మానవగౌరవము, సాంఘికన్యాయము. ఆ నెల 17న మెహర్‌పూరు ప్రాంతమునందలి బైద్యనాథ్‌తలలో, మామిడితోపులో, ప్రభుత్వము ప్రమాణముచేసెను. అధ్యక్షుడుగా ఎన్నుకొనబడిన ముజిబుర్ రహమాన్ అప్పుడు పశ్చిమ పాకిస్తాను చెరసాలలో నుండెను. తోపులో చేసిన ప్రమాణమని నవ్వినవారును లేకపోలేదు. కాని స్వాతంత్ర్యప్రకటన తేదీతోనే అమలులోనున్న చట్టములన్నియు యథాతథముగ కొనసాగునని వారు వేరొక యుత్తరువు గూడ వెలువరించిరి. కొంపలంటుకొనియుండగా, రేపు కోర్టులలో ఏ చట్టము నడువవలెనని యోచించినవారిని చూచి మేము నవ్వలేము.

1971 డిసెంబరు 16న పాకిస్తాను సైన్యము ఢాకాలో లొంగిపోయినది. 1972 జనవరి 10న ముజిబు స్వదేశము చేరెను. మరునాడే తాత్కాలిక రాజ్యాంగపుటుత్తరువుచే పార్లమెంటు పద్ధతి ఏర్పడెను. అయూబుఖాను అధ్యక్షపాలనను పదియేండ్లు చవిచూచినవారి కది సహజమైన కోరిక. మార్చి 23న రాజ్యాంగ పరిషత్తు నేర్పరచు ఉత్తరువు వెలువడెను. 1970-71లో పాకిస్తాను దేశసభకు తూర్పువంగమునుండి ఎన్నికైన 169 స్థానములవారును, రాష్ట్రసభకు ఎన్నికైన 300 స్థానములవారును, చనిపోయినవారు అనర్హులు పోగా, అందు సభ్యులైరి. పాకిస్తానునకు రాజ్యాంగము వ్రాయుటకై ఎన్నుకొనబడినవారు పాకిస్తానును విడిచి వ్రాసిరి. విమర్శకులు అప్పుడే ఈ సందు పట్టుకొని, మరల నెన్నిక జరుపవలసినదనిరి. యుద్ధముచే ఛిన్నాభిన్నమైన దేశములో, కోటి మంది శరణార్థులు తిరిగివచ్చుచుండగా, అది యెట్లు సాధ్యమగునో వారు చెప్పలేదు. మా యభిప్రాయమున తప్పు అక్కడ లేదు. అదే దినమున మరియొక యుత్తరువు వచ్చెను: తన పార్టీనుండి బహిష్కరింపబడినవాడు పరిషత్తులో సభ్యత్వమును కోల్పోవును. అంతేకాదు, పరిషత్తునకు రాజ్యాంగము వ్రాయుట తప్ప చట్టములు చేయు అధికారము లేదు, చట్టములు అధ్యక్షుని పేర వెలువడుచుండెను. సర్వాధికారము ప్రజలదని వ్రాయవలసిన సభలో సభ్యుని నోటికి పార్టీ కార్యాలయపు తాళము పడినది. దస్తావేజు వ్రాయకమునుపే మొదటి పొరపాటు జరిగినది.

పరిషత్తు 1972 ఏప్రిల్ 10న, అనగా స్వాతంత్ర్యప్రకటన వెలువడిన సంవత్సరమునకు సరిగా, కూడెను. మరునాడు ముప్పదినలుగురితో చిత్తుప్రతి సంఘము నియమింపబడెను. దాని కధ్యక్షుడు న్యాయశాఖామంత్రి కమాల్ హుసేన్. ముప్పదియైదేండ్ల యువకుడు, బారిష్టరు, 1971లో తానును పశ్చిమ పాకిస్తాను చెరలో నుండి ముజిబుతో కూడ వచ్చినవాడు. ముప్పదినలుగురిలో స్త్రీ యొక్కరే, రజియా బాను. ప్రతిపక్షమువా డొక్కడే, సురంజిత్ సేన్‌గుప్తా. ప్రజలనుండి అభిప్రాయములు కోరగా 98 విజ్ఞప్తులు వచ్చెను. అక్టోబరు 12న చిత్తుప్రతి సభయెదుట పెట్టబడి, నవంబరు 4న ఆమోదింపబడి, విజయదినమైన డిసెంబరు 16న అమలులోనికి వచ్చెను. మన పరిషత్తు 1946 డిసెంబరు 9న కూడి 1949 నవంబరు 26న ముగించెను. మనకు దాదాపు మూడేండ్లు, వారికి ఏడు నెలలు. తొందర యని కొందరందురు. తొమ్మిదియేండ్లు రాజ్యాంగములేక యలమటించినవారు తొందరపడుటలో తప్పు మాకు కనబడదు.

గ్రంథము రెండు భాషలలో నున్నది. ఆంగ్లమున చిత్తు వ్రాసి, ఆచార్య అనీసుజ్జమాన్ మొదలగు పండితులచే వంగభాషలోనికి తేబడెను. రెంటికిని వైరుధ్యము కలిగినయెడల వంగపాఠమే ప్రమాణమని 153వ అధికరణము శాసించినది. జయినుల్ అబెదిన్ అను చిత్రకారుని పర్యవేక్షణమున అలంకరించి, చేవ్రాతతో వ్రాయించి, పిమ్మట సంతకములు చేసిరి. మన తెలుగునాట నేటికిని తన భూమి యెవరికి దక్కెనో తెలిసికొనుటకు కక్షిదారుడు వకీలు ముఖము చూడవలసియున్నది; 2023లో తెలంగాణ హైకోర్టు ఒక తీర్పును తెలుగున వెలువరింపగా అది పెద్ద వార్త యయ్యెను. కావున ఈ విషయమున వంగీయులను చూచి కొంచెము అసూయపడుటకు మాకు సెలవు కలదు.

భాషమాట వచ్చినది గనుక ఒక చిత్రము చెప్పెదము. మనము 'హక్కు' అనుదానిని వంగీయులు 'అధికారము' అందురు. ప్రాథమికహక్కులు వారికి 'మౌలిక అధికారములు'. తెలుగువాడు ఆ శీర్షిక చదివినచో దొరతనమువారి పెత్తనములను గూర్చిన ప్రకరణమని భ్రమపడును. మనకు అధికార మనగా పైవానిది, హక్కు క్రిందివానిది. సంస్కృతమున వచ్చిన మాట మనకు కచ్చేరిలో చిక్కి, అరబ్బీ మాట పొలములో చిక్కినది. అట్లే 'ప్రజ' యను మాట. మనకు ప్రజలనగా జనులు. వంగమున ప్రజయనగా జమీందారునకు పన్ను కట్టు రైతు అను వాసన ఇంకను పోలేదట. అందుచేతనే 2025 నాటి సంఘము 'ప్రజాతంత్రము' అను మాటను తీసి 'నాగరికతంత్రము' అని యుంచవలసినదని కోరినది. ఇట్టివి పండితుల వినోదములని త్రోసివేయకుడు. పేరు పెట్టువాడెవడు, పెట్టించుకొనువాడెవడు అను ప్రశ్నయే ఈ గ్రంథమున కంతకును మర్మస్థానమని ముందు చూతుము.

హక్కుల ప్రకరణము మూడవ భాగము, 26వ అధికరణము మొదలు 47 వరకు. హక్కులకు విరుద్ధమైన చట్టము చెల్లదు. చట్టము ముందర అందరు సమానులు. నేరము మోపబడినవానిని హింసింపరాదు, అమానుషముగ శిక్షింపరాదు. హక్కులకు భంగము కలిగినయెడల హైకోర్టు విభాగమున కెక్కుటయే యొక హక్కు. ఇంతవరకు అన్ని దేశముల గ్రంథములలో నుండునదే యనవచ్చును. 39వ అధికరణములో ఒక సొగసున్నది. ఆలోచనకును అంతఃకరణమునకును స్వేచ్ఛ ఏ షరతును లేక ఇచ్చి, వాక్కునకు మాత్రము న్యాయమైన నిబంధనలను ఒప్పుకొనిరి. తలలోనిది నీది, నోటిది కొంతవరకు సంఘముది యని యర్థము. 28వది స్త్రీలకు 'రాజ్యమునందును బహిరంగజీవితమునందును' పురుషులతో సమానహక్కులిచ్చినది. గడప లోపల మాట యెత్తలేదు. వారసత్వము, విడాకులు ఆయామతముల ధర్మమునకే వదలిరి. ముప్పదినలుగురిలో ఒక్క స్త్రీయే యున్న సంఘము వ్రాసినదని వేరుగ చెప్పవలయునా?

కాని మేము న్యాయవాదులుగ శిరస్సు వంచునది ఆ గ్రంథములో ఉన్నదానికి గాక, లేనిదానికి. విచారణలేక మనుష్యుని నిర్బంధించు అధికారము 1972 నాటి 33వ అధికరణములో లేదు. అత్యవసర పరిస్థితిని ప్రకటించి హక్కులను మూటకట్టి యుంచు ప్రకరణమును లేదు. ఆ వ్రాసినవారిలో అనేకులు పాకిస్తాను ప్రభుత్వపు చెరసాలలలో విచారణలేక కూర్చున్నవారు. కావున ఆ యాయుధమును తమ చేతికే ఇచ్చుకొనలేదు. మన పెద్దలును చెరలు చూచినవారే. అయినను మన గ్రంథమున 22వ అధికరణము హక్కుల ప్రకరణములోనే, హక్కుల నడుమనే, ముందుజాగ్రత్త నిర్బంధమునకు పీట వేసినది; పదునెనిమిదవ భాగమంతయు అత్యవసర పరిస్థితికే. 1950లోనే ఏ. కె. గోపాలనుగారు ఆ నిర్బంధముపై సుప్రీంకోర్టు కెక్కి ఓడిపోయిరి. ఇరువది రెండేండ్ల తరువాత వ్రాసిన తూర్పువంగమువారు, అన్ని విషయములలోను మన గ్రంథమును ముందుంచుకొనియు, ఈ రెండు చోట్ల మాత్రము మనలను అనుకరింపలేదు. అది వారి కీర్తి. ఎన్నాళ్ల కీర్తియో చూడుడు.

దానికి పూర్వము రెండవ భాగమును గూర్చి యొక మాట. జాతీయత, సామ్యవాదము, ప్రజాస్వామ్యము, మతనిరపేక్షత యని నాలుగు సూత్రములు. అన్నము, వస్త్రము, ఇల్లు, చదువు, వైద్యము ప్రజలకు సమకూర్చుట రాజ్యముయొక్క బాధ్యతయని 15వ అధికరణము. ఇవేవియు కోర్టున చెల్లవని 8వ అధికరణముననే షరతు. 1974లో ఘోరమైన క్షామము వచ్చినప్పుడు 15వ అధికరణమును పట్టుకొని దావా వేయుటకు ఎవనికిని వీలు లేకుండెను.

ఇక మర్మస్థానము. 1972 అక్టోబరు 31న, బంగ్లాదేశపు పౌరులు 'బెంగాలీలు' అని పిలువబడుదురను మాటను 6వ అధికరణములో చేర్చుటకు సవరణ వచ్చెను. చిట్టగాంగు కొండలనుండి స్వతంత్రుడుగ ఎన్నికైన మానవేంద్ర నారాయణ లార్మా లేచెను. తాను చక్మా యనియు, తన తాతతండ్రులెవ్వరును తాము బెంగాలీలమని చెప్పుకొనలేదనియు, తాను బంగ్లాదేశపు పౌరుడనేకాని బెంగాలీని కాననియు ఆయన వాదము. దానిలో తప్పు పట్టవలసిన దేమున్నది? ఆ కొండలవారు 1960 ప్రాంతమున కాప్తాయి ఆనకట్టవలన భూములు మునిగి లక్షమంది నిరాశ్రయులైనవారు. తమ భాషలు, తమ ధర్మము, తమ భూమి ఆచారములు వేరుగా కలవారు. ఆ కొండలకు స్వపరిపాలనము కావలెనని 1972 మొదటనే కోరి, పొందనివారు. సభ సవరణ నంగీకరించెను. లార్మా సభ వదలి వెలుపలికి పోయెను.

ఈ ఘట్టమును తలచినప్పుడు మాకు మరియొక సభ కన్నులకు కట్టును. 1955 ఆగస్టులో పాకిస్తాను రాజ్యాంగ పరిషత్తున తూర్పువంగమునకు 'తూర్పు పాకిస్తాను' అని పేరు మార్చు ప్రస్తావన రాగా, వంగమను పేరునకు చరిత్ర కలదు, సంప్రదాయము కలదు, ఆ పేరు మార్చవలెనన్న అచ్చటి ప్రజల నడుగుడు అని లేచి వాదించిన సభ్యుడొకడుండెను. ఆ సభ్యుడు ముజిబుర్ రహమానే. పదునేడేండ్లు గడచిన పిమ్మట అదే వాదమును ఆయన సభలోనే, ఆయన పక్షమువారి యెదుటనే, లార్మా చేయవలసి వచ్చినది. అధికసంఖ్యవారి సమాధానమును అదేవిధముగ నుండెను. వోటులు లెక్కించి నీ పేరు ఇది యనిరి. 1948లో భాష యొక్కటే యన్నదానికిని, 1972లో జాతి యొక్కటే యన్నదానికిని తర్కములో భేదము మేము వెదకియు కనుగొనలేకపోయితిమి.

వంగీయమిత్రులు దీనికొక సమాధానము చెప్పుదురు. యుద్ధము ముగిసి యేడాది కాలేదు, దేశము నిలుచునో కూలునో తెలియదు, అట్టి సమయమున ఏకత్వమునకై ఒక పేరు పెట్టుకొనుట నేరమా యందురు. నేరము కాదు. కాని పాకిస్తానువారును 1948లో సరిగా నీ మాటయే చెప్పిరి గదా. ఆ మాట ఫలించిన రీతి గూడ ఒక్కటే. కొండలలో తిరుగుబాటు లేచి ఇరువది యేండ్లకుపైగా రక్తము పారినది. 1983లో లార్మా హతుడయ్యెను. 1997 డిసెంబరు 2న గాని ఒడంబడిక కుదురలేదు.

పేరు లేనివారు మరికొందరు కలరు. బీహారు మొదలగు ప్రాంతములనుండి 1947లో పోయిన ఉర్దూభాషీయులు యుద్ధానంతరము శిబిరములలో చిక్కిరి. మూడవ భాగమున కొన్ని హక్కులు 'ప్రతి పౌరునకు', కొన్ని 'ప్రతి వ్యక్తికి' అని వ్రాయబడియున్నవి. చట్టము చదువనివారికి ఈ రెండు మాటలును ఒక్కటిగానే కనబడును. శిబిరములోనివానికి ఈ రెంటి నడుమ ఒక జీవితకాలము గడచినది. 2008లో గాని ఆ దేశపు హైకోర్టు వారు పౌరులేయని, వోటుహక్కు గలవారని తేల్చలేదు.

రాజ్యాంగము పుట్టి యేడాది నిండకమునుపే దాని గోడలు కదలసాగెను. కదల్చినవారు శత్రువులు కారు, కట్టినవారే. 1973 మార్చి ఎన్నికలలో 300 స్థానములలో 293 అవామీలీగుకే వచ్చెను. మూడింట రెండువంతుల వోటుతో రాజ్యాంగమును సవరింపవచ్చునన్న షరతు అంతటితో తాళములేని తలుపయ్యెను. 1973 సెప్టెంబరులో రెండవ సవరణ: 33వ అధికరణములో విచారణలేని నిర్బంధము ప్రవేశించెను, అత్యవసర పరిస్థితికి ప్రత్యేక ప్రకరణము చేరెను. 1974 ఫిబ్రవరిలో విశేషాధికారముల చట్టము. డిసెంబరు 28న అత్యవసర ప్రకటన. 1975 జనవరి 25న నాలుగవ సవరణ ఒకే దినమున ప్రవేశపెట్టబడి ఆమోదింపబడెను. పార్లమెంటు పద్ధతి పోయి అధ్యక్షపాలన వచ్చెను. దేశమునకు ఒకే పార్టీ. హక్కులకై హైకోర్టు కెక్కుట హక్కుగా నిలువలేదు. క్రిందికోర్టుల న్యాయాధికారులు సుప్రీంకోర్టు చేతిక్రిందినుండి అధ్యక్షుని చేతిక్రిందికి మారిరి. జూన్ నెలలో నాలుగు దినపత్రికలు తప్ప తక్కినవి మూతపడెను. ఆగస్టు 15న ముజిబు సకుటుంబముగ హతుడయ్యెను. హంతకులపై విచారణ జరుగరాదని సెప్టెంబరు 26న నొక యార్డినెన్సు వెలువడెను. తరువాత వచ్చిన సైనికప్రభుత్వములు మతనిరపేక్షతను తీసివేసి, 1988లో రాజ్యమతమును చేర్చెను. ఆ కథ చదువరులు ఎరిగినదే.

మనము పరిహసింపరాదు. ఆ 1975లోనే జూన్ 25న మన దేశమునను అత్యవసర పరిస్థితి వచ్చెను. 1976 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టే నిర్బంధితునకు కోర్టు కెక్కు హక్కు లేదని చెప్పెను. భేదమేమనగా, మన గ్రంథములో గొళ్లెము మొదటినుండియు వెలుపలి వైపున నుండెను. వారు లోపలివైపున పెట్టుకొనియు, తామే ఊడదీసి వెలుపల బిగించిరి.

ఈ చీకటిలో ఒక దీపము కోర్టులనుండియే వచ్చినది. 1988 నాటి ఎనిమిదవ సవరణ హైకోర్టు విభాగమును ముక్కలుచేసి ఊళ్లకు పంచగా, 1989 సెప్టెంబరు 2న ఢాకా అప్పీలు విభాగము మూడు వోట్లకు ఒక వోటుతో దానిని కొట్టివేసెను. రాజ్యాంగపు మూలస్వరూపమును సవరణచే చంపరాదని ఆ తీర్పు. ఆ సూత్రము మనది. 1973 ఏప్రిల్ 24న కేశవానందభారతి వ్యాజ్యములో పదుమువ్వురు న్యాయమూర్తులు ఏడుగురు ఆరుగురుగ చీలినప్పుడు వెలసినది. ఆ యేడుగురిలో నొకరు మన హైదరాబాదువారైన పింగళి జగన్మోహనరెడ్డిగారు. ఆయన అటుపోయి యుండినచో వంగీయులకీ దీపముండెడిది కాదు. తెలుగువాడు ఇంత గర్వపడుటకు అర్హుడే యని తలచెదము.

ఇప్పుడు తగవునకు వత్తము. 1972 గ్రంథము ఒక పార్టీ గ్రంథమని, దానిని మూలచ్ఛేదము చేయవలెనని యనువారున్నారు. ముప్పదినలుగురిలో ప్రతిపక్షమువా డొక్కడనుట నిజమే. అయినను 33వ అధికరణపు మొదటి పాఠము ఏ పార్టీకిని చుట్టము కాదు. అది ఆ పార్టీకే యడ్డమైనది గనుకనే తొమ్మిదినెలలలో దానిని మార్చవలసివచ్చెను. ఆ గ్రంథమును పవిత్రమని కన్నుల కద్దుకొను రెండవపక్షమువారికి గూడ మా మనవి యొకటున్నది. వారు పూజించుచున్నది ఏ 1972 పాఠము? నవంబరు 4న వోటుచేసిన పాఠమా, లేక 1973 నుండి 2024 వరకు నెవరి యవసరమునకు వారు కుట్టిన అతుకులా? మొదటిదైనచో, నిర్బంధపు వాక్యమును, అత్యవసర ప్రకరణమును ముందు తీయుడు, పిమ్మట పూజింపవచ్చును.

సంస్కరణసంఘమువారు నాలుగు సూత్రములకు బదులుగా సూచించిన ఐదింటిలో సమానత్వము, మానవగౌరవము, సాంఘికన్యాయము అను మూడును మామిడితోపు ప్రకటనలోనివే. ఇది మాకు సంతోషము. బహుత్వము అను మాటను క్రొత్తగా చేర్చిరి. మతనిరపేక్షతను తీసి దాని స్థానమున బహుత్వమును పెట్టినచో హిందువునకు, బౌద్ధునకు, క్రైస్తవునకు అదే రక్షణ మిగులునా యను సందేహము మాకు కలదు. బహుత్వ మనునది పలువురున్నారని చెప్పును గాని, రాజ్యము వారిలో నెవరి పక్షమును వహింపదని చెప్పదు. రెండు మాటలును ఉండుటకు తాళపత్రము చాలకపోలేదు గదా.

6వ అధికరణమును గూర్చి సంఘము సరియైన మాటయే చెప్పినది: పౌరులు 'బంగ్లాదేశీయులు' అని మాత్రముండిన చాలును, జాతిగా బెంగాలీలనుట తీసివేయవలెను. యాబదిమూడేండ్లకు లార్మా వాద మొక నివేదికలో గెలిచినది. ఇక కొండలలోని భూవివాదములను తీర్చుటకై 1997 ఒడంబడిక ననుసరించి 2001లో చేసిన చట్టమొకటి యున్నది. ఆ చట్టమును సామాన్యమైన మెజారిటీతో ఎవరైన ఎప్పుడైన తీసివేయవచ్చును. క్రొత్తగ్రంథము వ్రాయువారైనను, పాతదానిని దిద్దువారైనను, ఆ కొండలవారి భూమిహక్కును మూడవ భాగములో నొక అధికరణముగ చేర్చి, వారి సమ్మతిలేక దానిని సవరింపరాదని వ్రాయవలెను. చిత్తు వ్రాయు సంఘములో రాంగామాటి, బాందర్‌బన్, ఖాగ్రాచరి జిల్లాలనుండి మనుష్యులను ముందుగా కూర్చుండబెట్టిన పిమ్మటనే కలము పట్టవలెను.